పాత పికప్ రంగు వెలిసిపోయిందా? గీకించే ముందు ఇది చేసి చూడండి

పాత మహీంద్రా జీపు పికప్పో, 1988లో మార్కెట్లోకి వచ్చిన టాటా మొబైలో మీ ఇంటి ముందు ఇంకా నిలబడి ఉందనుకుందాం. దాని బానెట్ మీద అరచేతితో ఒకసారి గట్టిగా రుద్దండి. సున్నం గోడను తాకినట్టు చేతికి పొడి అంటిందా? అయితే దిగులు పడనక్కర్లేదు. చేతికి అంటింది చచ్చిన రంగు. దాని కింద బతికున్న రంగు ఇంకా ఉండవచ్చు. ఏ షెడ్డుకు తీసుకెళ్లినా "మొత్తం గీకేసి కొత్తగా కొట్టేద్దాం" అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. వాళ్లకది అలవాటైన పని, మీకు పెద్ద ఖర్చు. పైగా కంపెనీలో పడిన మొదటి రంగు పోతే మళ్లీ రాదు. రెండో రంగు, మూడో రంగు ఎన్నిసార్లైనా వేయించుకోవచ్చు. అందుకే నేను చెప్పే పద్ధతిలో రెండే సూత్రాలు: ముందు రంగుకు నూనె తాగించండి, ఆ తర్వాత వీలైనంత తక్కువ తీయండి.

ఇంతకీ రంగు ఎందుకు వెలుస్తుంది? రంగులో ప్రధానంగా రెండు పదార్థాలుంటాయి. ఒకటి రంగునిచ్చే పొడి, రెండోది ఆ పొడిని రేకుకు పట్టి ఉంచే రెసిన్ అనే బంక. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్, తేమ కలిసి ఏళ్ల తరబడి ఆ బంకను విరగ్గొడతాయి. బంక పోయిన పొడి పైన వదులుగా మిగిలిపోతుంది. నునుపు పోయిన ఆ పైపొర మీద పడిన వెలుతురు చెల్లాచెదురవుతుంది కాబట్టి రంగు పాలిపోయినట్టు కనిపిస్తుంది. తెల్ల రంగులో వాడే టైటానియం డయాక్సైడ్ ఎండ తగిలినప్పుడు బంక ఇలా విరగడాన్ని తానే వేగవంతం చేస్తుంది. పాత తెల్ల బండ్లు అంతగా పొడి రాల్చడానికి కారణం అదే. ఎరుపు రంగులు పొడి రాల్చడంతోపాటు అసలు వర్ణాన్ని కూడా పోగొట్టుకుని గులాబీలోకి దిగుతాయి. అలా పోయిన వర్ణం పైపొరలోనే పోతుంది కాబట్టి, కింది పొర బయటపడితే ఎరుపు చాలావరకు తిరిగి వస్తుంది.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బండి ఎక్కడ నిలిపి ఉంచారన్నది కూడా చూడాలి. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు, లేదా భోగాపురం, పూసపాటిరేగ తీరం వైపు ఉంటే ఉప్పు గాలి రంగు కంటే ముందు రేకును తింటుంది. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల దుమ్ము పడితే అందులోని క్వార్ట్జ్ రేణువులు మీ రంగు కంటే ఎన్నో రెట్లు గట్టివి. పొడి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, వందల గీతలు పడతాయి. ఉద్దానంలో జీడిచెట్ల కింద పెడితే పండు రసం మరకలు తప్పవు. పలాస వైపు జీడిపిక్కలు మోసిన బండి అయితే తొట్టి అంచుల్లో జీడి నూనె నల్లగా పట్టి ఉంటుంది. అది చర్మాన్నే పొక్కించే పదార్థం, పాత ఎనామిల్‌ను విడిచిపెట్టదు. విజయనగరం మామిడి తోటల్లో పూత కాలంలో తేనెమంచు పురుగు విసర్జించే జిగురు బానెట్ మీద పడి, దాని మీద నల్లటి మసి బూజు పెరుగుతుంది. అది చూసి రంగు పాడైందనుకుంటారు. చాలాసార్లు గోరువెచ్చని సబ్బు నీళ్లతో నానబెట్టి కడిగితే పోయేదే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ పనికి అన్నిటికంటే మంచి కాలం. తుపాన్లు సద్దుమణుగుతాయి, గాలిలో తేమ తగ్గుతుంది, రేకు కాలదు. ఒక్క చిక్కు మాత్రం ఉంది. ఉదయం పూట మంచు బాగా పడుతుంది, రేకుల అతుకుల్లో నీళ్లు నిలిచి ఉంటాయి. ఎనిమిదీ తొమ్మిదీ దాటి బండి పూర్తిగా ఆరాకే పాలిష్ డబ్బా మూత తీయండి. ఏప్రిల్, మే నెలల్లో చేయక తప్పదంటే రేకుల షెడ్డు కింద కాకుండా దట్టమైన నీడలో, తెల్లవారుజామునే చేయండి. రేకు మీద చేతి వెనుక భాగం ఆనిస్తే చల్లగా తగలాలి. వేడి రేకు మీద కాంపౌండ్ (పైపొరను అరగదీసే ముద్ద) క్షణాల్లో ఎండి మరకై కూర్చుంటుంది.

అది ఏ రంగో తేల్చుకోండి

ఈ పరీక్ష చేయకుండా ఎవరు ఏ డబ్బా చేతిలో పెట్టినా తీసుకోవద్దు. తెల్లటి బనియన్ గుడ్డ మీద కొద్దిగా పాలిష్ వేసి, తలుపు కింది భాగంలో కనిపించని చోట రుద్దండి. గుడ్డకు బండి రంగు అంటితే అది ఒకే పొర రంగు, అంటే రంగూ మెరుపూ ఒకే పొరలో ఉన్నది. ఆ కాలపు జీపులు, పికప్పులు చాలావరకు ఇలాంటివే. గుడ్డ తెల్లగానే ఉంటే పైన క్లియర్ కోటు, అంటే రంగు లేని పారదర్శక పొర ఉన్నట్టు. అంటే ఎవరో ఒకరు మధ్యలో మళ్లీ పెయింట్ వేయించి ఉంటారు.

మళ్లీ వేయించారో లేదో తెలుసుకోవడానికి ఇంకో దారి ఉంది. డాష్ బోర్డు కింద, సీటు వెనుక, బానెట్ లోపలి వైపు ఎండ తగలని చోట రంగు చూడండి. అక్కడ ఉన్న రంగే కంపెనీ రంగు. అద్దాల రబ్బరు బీడింగ్ మీద, వైరింగ్ మీద పెయింట్ తుంపర కనిపిస్తే అది షెడ్డు పని. ఆ లోపలి రంగును ఫోటో తీసి పెట్టుకోండి. పని అయ్యాక పోల్చుకోవడానికి అంతకు మించిన కొలత లేదు.

షెడ్డులో వేసినదైతే అది డ్యూకోనా (నైట్రోసెల్యులోజ్ లక్క రంగు), సింథటిక్ ఎనామిలా, పీయూ (పాలీయూరిథేన్) పెయింటా అన్నది కూడా తెలియాలి. లోపలి వైపు ఓ మూల దూదికి డ్యూకోను పలచన చేసే ఎన్‌సీ థిన్నర్ ఒక చుక్క అద్ది ఆనించండి. రంగు వెంటనే కరిగి దూదికి వచ్చేస్తే డ్యూకో. ముడతలు పడి లేస్తే ఎనామిల్. ఏమీ కాకపోతే హార్డెనర్ కలిపి కొట్టిన పీయూ. డ్యూకో పలుచగా ఉంటుంది, తేలికగా అరిగిపోతుంది, కానీ మెరుపు త్వరగా అందుతుంది. చేతితో చేసే పనికి అది లొంగినట్టు మరేదీ లొంగదు.

పాలిష్ చేసినా బాగుపడనివి మూడు ఉన్నాయి. క్లియర్ కోటు పొరలుగా లేచిపోతున్న చోటు మొదటిది. అక్కడ రుద్దే కొద్దీ అంచు ఇంకా లేస్తుంది. రెండోది, రంగు పొర లోతు దాకా పడిన సన్నటి పగుళ్లు. వాటిలోకి పాలిష్ దూరి తెల్ల గీతలై మిగులుతుంది. మూడోది పొక్కులు. పొక్కు కింద చాలాసార్లు తుప్పు ఉంటుంది. ఈ మూడూ లేని రేకుల మీదే మీ శ్రమ పెట్టండి. ఒక బండిలో పైకప్పు పోయినా తలుపులు చక్కగా దక్కడం మామూలే, ఎందుకంటే నిలువు రేకుల మీద ఎండ అంతగా పడదు.

ముందు తుప్పు సంగతి

పాలిష్ మొదలయ్యాక తుప్పు పని పెట్టుకుంటే రెండూ చెడతాయి. పాలిష్‌లలో, వ్యాక్స్‌లలో ఉండే సిలికాన్, నూనెలు రేకు మీద మిగిలితే కొత్త పెయింట్ పడిన చోట గుంటలు గుంటలుగా విడిపోతుంది. కాబట్టి వాన నీళ్లు జారే గట్టర్, తలుపు కింది అంచు, మడ్‌గార్డు అతుకులు, తొట్టి మూలలు ముందే చూడండి. స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కితే దిగిపోయే రేకు టింకరింగ్ వాళ్ల పని. పైపై తుప్పు అయితే వైర్ బ్రష్‌తో, 80 నంబరు తర్వాత 180 నంబరు ఎమరీతో మెరిసే ఇనుము కనపడేదాకా తోమండి. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ డబ్బా మీద రాసినట్టు పూసి, కడగమని ఉంటే కడిగి, ఆరిన రోజే రెడాక్సైడ్ ప్రైమర్ వేయండి. తీరంలో రాత్రంతా వట్టి ఇనుమును వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. పైన టచప్ రంగు వేశాక, ఎనామిల్ అయితే కనీసం రెండు మూడు వారాలు ఆ చోట రుద్దవద్దు.

తుప్పు తోమేటప్పుడూ, తర్వాత వాటర్ పేపర్ (తడిపి రుద్దే ఎమరీ కాగితం) పట్టేటప్పుడూ ఒక జాగ్రత్త. పాత రంగుల్లో, ముఖ్యంగా పసుపు, నారింజ, కొన్ని ఎరుపు రంగుల్లో సీసం ఉండేది. పొడిగా రుద్దకండి, తడిపి రుద్దండి, మాస్కు కట్టుకోండి. ఆ మడ్డిని పెరట్లో కూరగాయ మొక్కల వైపు పారనివ్వకుండా గుడ్డతో ఎత్తి పారేయండి. పిల్లలను దూరంగా ఉంచండి.

కడగడం

రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూ నీళ్లకు, ఒకటి గుడ్డ జాడించడానికి. పైనుంచి కిందికి రండి. మొదటిసారి మాత్రం గిన్నెలు తోమే ద్రవం కొద్దిగా కలిపి కడగవచ్చు. పాత వ్యాక్స్, ఎవరెవరో రాసిన డీజిల్, నూనె జిడ్డు వదలాలి కదా. ఆ తర్వాత నుంచి కారు షాంపూనే వాడండి. బట్టల సోడా పొడి వద్దు, దానిలోని క్షారం మిగిలిన బంకను కూడా తింటుంది.

నీళ్ల విషయంలో ఊరూరికీ తేడా ఉంటుంది. తీరానికి దగ్గరి బోర్ల నీళ్లలో ఉప్పు ఎక్కువ. అవి రేకు మీదే ఆరితే తెల్ల చుక్కలు మిగిలి, ఆ చుక్కలే రంగులోకి దిగుతాయి. మామూలు నీళ్లతో కడిగినా చివరగా ఒక బిందెడు మంచినీళ్ల ట్యాంకు నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో పోసి వెంటనే తుడవండి. చెరువు నీళ్లలో సన్నటి మన్ను ఉంటుంది, గుడ్డ కట్టి వడపోసినా నేను వాడను.

తుడిచే గుడ్డకు నూగు ఉండాలి. మైక్రోఫైబర్ గుడ్డ దొరికితే మేలు, లేదంటే పాత నూలు టర్కీ తువ్వాలు. పొందూరు ఖద్దరు ఎంత మెత్తగా ఉన్నా ఈ పనికి కుదరదు. నునుపైన నేతకు దుమ్ము రేణువు దాక్కునే చోటు ఉండదు, అది రంగు మీదే దొర్లుతూ గీతలు పెడుతుంది. దాన్ని కట్టుకోవడానికే ఉంచండి.

ఆరిన తర్వాత పలచటి ప్లాస్టిక్ కవరులో చెయ్యి పెట్టి రేకు మీద తడమండి. కంటికి కనిపించనివన్నీ గరగరలాడుతూ తెలుస్తాయి. రైలు పట్టాల పక్కన, గరివిడి లాంటి చోట్ల ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీల దగ్గర తిరిగే బండ్ల మీద లోహపు రేణువులు గుచ్చుకుని ఉంటాయి. వీటికి క్లే బార్, అంటే రేణువులను లాగేసే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద వాడాలి. షాంపూ నీళ్లు బాగా చిలకరించి, క్లే ముద్దను నొక్కకుండా అటూ ఇటూ జరపండి. వెలిసిన రంగు మీద ముద్ద త్వరగా రంగుతో నిండిపోతుంది, మడిచి కొత్త వైపు తిప్పుతూ ఉండండి. కింద పడిన ముద్దను మళ్లీ వాడొద్దు. మరీ పొడి రాలే రేకు మీద క్లే పట్టకుండా నేరుగా తర్వాతి పనికి వెళ్లినా నష్టం లేదు.

రాతలు, బొమ్మలు కాపాడుకోండి

పాత పికప్‌ల మీద చేతి రాతలుంటాయి. తలుపు మీద యజమాని పేరు, ఊరు పేరు, వెనుక డోరు మీద పైడితల్లి అమ్మవారో, అరసవల్లి సూర్యనారాయణ స్వామో, చుట్టూ తీగలు, పూలు. ఆ రాతలు రాసినవాళ్లు కుంచె పెట్టి ఎనామిల్‌తో గీశారు. ఆ పొర అసలు రంగు కంటే ముందు పోతుంది. స్టిక్కర్ల కాలం వచ్చాక అలా రాసే చేతులు తగ్గిపోయాయి కాబట్టి, నా లెక్కలో బండి మీద అన్నిటికంటే విలువైనది ఆ రాతే. మాస్కింగ్ టేపు నేరుగా అక్షరాల మీద వేయకండి, ఊడదీసేటప్పుడు పెచ్చు లేస్తుంది. చుట్టూ ఒక అంగుళం వదిలి టేపు వేసి, దాని మీద కాగితం అంటించండి. ఆ లోపలి భాగాన్ని తర్వాత వేలికి గుడ్డ చుట్టుకుని, కింద చెప్పబోయే రాపిడి లేని నూనె గ్లేజుతో మాత్రమే శుభ్రం చేయండి. కాంపౌండ్ దాని దగ్గరికి రాకూడదు.

ముందుకు పొడుచుకొచ్చిన అంచులు, రేకు మడతల గట్లు, రివెట్ల చుట్టూ కూడా టేపు వేయండి. రంగు కొట్టినప్పుడే అంచుల మీద పలచగా పడుతుంది. రుద్దినప్పుడు ఒత్తిడి పడేదీ అక్కడే.

నూనె తాగించడం

షెడ్డుల్లో ఎవరూ చేయని పని ఇదే, ఫలితం ఎక్కువగా వచ్చేదీ దీనితోనే. ఒకే పొర రంగుకు మాత్రమే పనికొస్తుంది. బంక విరిగిన పైపొర సన్నటి రంధ్రాలతో నిండి ఉంటుంది. రాపిడి పదార్థం లేని, నూనెలు దండిగా ఉన్న గ్లేజును దాని మీద మందంగా పూస్తే రంధ్రాల్లోకి నూనె దిగుతుంది. ఎండిపోయి పెళుసుబారిన పొర కొంత మెత్తబడుతుంది, వర్ణం చిక్కబడుతుంది. తర్వాత రుద్దినప్పుడు పొడి దుమ్మై లేవకుండా నూనెతో కలిసి గుడ్డకు వచ్చేస్తుంది. పాత కార్లను బాగుచేసేవాళ్లు చాలామంది దీనికి మెగ్వయర్స్ కంపెనీ నంబరు 7 గ్లేజు వాడతారు. అది దొరక్కపోతే డబ్బా మీద రాపిడి లేనిది, క్లియర్ కోటు లేని పెయింట్‌కు తగినది అని రాసి ఉన్న గ్లేజు ఏదైనా తీసుకోండి.

టర్కీ తువ్వాలు ముక్క మీద గ్లేజు ధారాళంగా పోసి, రెండడుగుల మేర రేకు మీద అరచేతి బలంతో రుద్దండి. గుడ్డ వెంటనే బండి రంగులోకి మారుతుంది. కంగారు పడకండి, పోతున్నది చచ్చిన పొరే. తుడవకుండా ఇంకో పొర గ్లేజు పూసి ఒక రాత్రంతా వదిలేయండి. బాగా ఎండిపోయిన పైకప్పు అయితే పూర్తిగా ఒక రోజు. దుమ్ము పడకుండా పైన పాత దుప్పటి కప్పడం మంచిదే, కానీ రంగుకు తగలకుండా ఎత్తుగా కట్టండి. మర్నాడు మళ్లీ గ్లేజు వేసి, కొత్త గుడ్డతో మరింత గట్టిగా రుద్ది తుడిచేయండి. గుడ్డకు రంగు అంటడం తగ్గేదాకా ఇలా చేయవచ్చు. కొన్ని రేకులకు ఇక్కడితోనే పని అయిపోతుంది. మిగిలినవాటికి కాంపౌండ్ కావాలి.

డీజిల్, కిరోసిన్, కొబ్బరి నూనె కూడా నూనెలే కదా అంటారు. తుడవగానే మెరుస్తుంది కూడా. కానీ డీజిల్ తడి పోక దుమ్మును పట్టేసుకుంటుంది, తలుపు రబ్బర్లను ఉబ్బిస్తుంది. కొబ్బరి నూనె కొన్నాళ్లకు మురిగిన వాసన వేస్తుంది. అవి పూసిన బండిని కడగడానికే మళ్లీ ఒక పూట పడుతుంది. టూత్‌పేస్టుతో బానెట్ తోమమనే వీడియోలు కూడా తిరుగుతున్నాయి. హెడ్‌లైటు మీద ఒక గీత తీయడానికి సరిపోవచ్చు, అంతకు మించి ఆశపడొద్దు.

కాంపౌండ్, మెషిన్

అన్ని రేకుల మీదా ఒకేసారి దిగకండి. బానెట్ వెనుక మూలలో ఒక అడుగు చదరం టేపుతో గుర్తు పెట్టుకుని, అన్నిటికంటే సన్నటి పాలిష్‌తో మొదలుపెట్టండి. చాలకపోతే మధ్యరకం, అదీ చాలకపోతే ముతక కాంపౌండ్. ఆ చదరంలో ఏది పని చేసిందో అదే బండి మొత్తానికి. దుకాణంలో డబ్బాలో దొరికే ముతక రబ్బింగ్ కాంపౌండ్‌తోనే మొదలుపెట్టడం మన దగ్గర అలవాటు. సన్నటిదే సరిపోయే రంగు మీద ముతకది పెడితే, ఇంకా పదేళ్లు నిలవాల్సిన పొర ఆ మధ్యాహ్నానికే సగం అవుతుంది.

చేతితో చేస్తే ఓపిక కావాలి, ప్రమాదం తక్కువ. మెషిన్ అయితే రెండు రకాలు. ఒకే అక్షం మీద తిరిగే రోటరీ బఫింగ్ మెషిన్ త్వరగా కోస్తుంది, త్వరగా కాలుస్తుంది. తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ మెషిన్ నిదానం, కానీ కొత్తవాళ్ల చేతిలో రంగును కాల్చడం కష్టం. మీకు మొదటిసారి అయితే రెండోదే అద్దెకు తెచ్చుకోండి. రోటరీ తప్పకపోతే నిమిషానికి 1,000 నుంచి 1,200 తిప్పుల దగ్గరే ఉంచండి, ఫోమ్ ప్యాడ్ వేయండి. ఉన్ని ప్యాడ్ జోలికి అలవాటయ్యాకే వెళ్లండి.

ప్యాడ్ మీద నాలుగు చుక్కల కాంపౌండ్ వేసి, మెషిన్ ఆన్ చేయకముందే రేకు మీద అద్దండి, లేకపోతే గోడలకూ మీ చొక్కాకూ పాలిష్ పడుతుంది. రెండడుగుల చదరంలో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, ముందు వెళ్లిన దారిని సగం కప్పుతూ నెమ్మదిగా నడపండి. మెషిన్ బరువే సరిపోతుంది, మీరు ఒత్తక్కర్లేదు. ఒకే చోట ఆపితే వేడెక్కుతుంది. మధ్యమధ్య చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే పరవాలేదు, చుర్రుమంటే ఆపి తడి గుడ్డ వేయండి. ప్యాడ్ రంగుతో నిండినకొద్దీ బ్రష్‌తో దులపాలి, మురికి ప్యాడ్ మెరుపు ఇవ్వదు. గట్ల దగ్గర, అంచుల దగ్గర మెషిన్ ఆపేసి చేత్తో చేయండి. ఎక్కడైనా కింది నుంచి బూడిద రంగో, తుప్పు ఎరుపో తొంగిచూసిందంటే ప్రైమర్ బయటపడుతోందని అర్థం. అక్కడ ఇక ముట్టకండి.

తడి నేల మీద మెషిన్ వాడేటప్పుడు ఎక్స్‌టెన్షన్ వైరు జాయింట్లను ఇటుక మీద ఎత్తి పెట్టండి, చెప్పులు వేసుకోండి. షాకు కొట్టగానే ట్రిప్పయ్యే ఆర్‌సీసీబీ ఇంట్లో లేకపోతే చేత్తోనే చేసుకోవడం మేలు.

వాటర్ పేపర్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే చాలామందికి అది అక్కర్లేదు. కాంపౌండ్‌కు లొంగని నారింజ తొక్క గరుకు, పెయింట్ కారిన చారలు, లోతు తక్కువ గీతలు ఉంటేనే వాడండి. 2000 నంబరు పేపరు పావుగంట నీళ్లలో నానబెట్టి, రబ్బరు బ్లాకు మీద చుట్టి, నీళ్లు పోస్తూ ఒకే దిశలో తేలికగా నడపండి. తర్వాత 3000తో అడ్డంగా. ఒకే పొర రంగు అయితే నీళ్లు బండి రంగులో కారతాయి. నాలుగు గీతలకొకసారి తుడిచి చూసుకోండి. షెడ్డులో 1000 పేపరు చేతిలోకి తీసుకుంటే "వద్దు" అనండి. రంగు పొర మందం ఎంతో కొలిచే మీటరు ఉన్నవాళ్లతో కొలిపిస్తే ఇంకా మంచిది. పాత రంగు 70, 80 మైక్రాన్ల లోపే ఉందంటే పేపరు జోలికి వెళ్లను నేను.

సన్నటి పాలిష్‌తో ముగించాక ట్యూబులైటు వెలుతురు పడేలా చూడండి. సాలెగూడు గీతలు అక్కడక్కడా మిగులుతాయి. పాత బండికి అవి ఉండనివ్వండి. అద్దంలా చేయాలని వెంటపడితే మిగిలిన రంగును పణంగా పెట్టినట్టే. డ్యూకో, ఎనామిల్ రంగులను స్పిరిట్‌తో తుడిచి మెరుపు పరీక్షించవద్దు. తాగించిన నూనె లాగేస్తుంది, డ్యూకోను మెత్తబరుస్తుంది.

వ్యాక్స్

పాలిష్ అయిన రోజే వ్యాక్స్ పడాలి, లేకపోతే తేరుకున్న రంగు మళ్లీ గాలికి ఎండిపోతుంది. కార్నుబా అనే తాటి జాతి చెట్టు ఆకుల మైనంతో చేసిన వ్యాక్స్ పాత రంగుకు లోతు ఇస్తుంది, కానీ మన ఎండకు రెండు నెలలు నిలిస్తే గొప్ప. సింథటిక్ సీలెంట్ ఎక్కువ కాలం ఉంటుంది, కొంచెం గాజు మెరుపు. ముందు సీలెంట్, ఒక రోజు ఆగి దాని మీద కార్నుబా వేసుకుంటే రెండూ కుదురుతాయి. వేసే పొర కనిపించీ కనిపించనంత పలచగా ఉండాలి. వేలితో గీస్తే శుభ్రంగా వస్తే తుడవవచ్చు, జిడ్డుగా సాగితే ఇంకాసేపు ఆగాలి. వెలిసిన పాత ఒకే పొర రంగు మీద సిరామిక్ కోటింగ్ వేయించమని అడిగేవాళ్లు ఉన్నారు. నూనె నిండిన పొర మీద అది సరిగా అతుక్కోదు, అతుక్కున్నా మళ్లీ రంగుకు నూనె పెట్టే దారి మూసుకుపోతుంది. నా సలహా, ఆ డబ్బుతో వానకు తడవని షెడ్డు వేయించండి.

తొట్టి లోపల మెరుపు కోసం కష్టపడకండి. బస్తాలు, ఇటుకలు, జీడిపిక్కలు మోసిన చోట రంగు ఉన్నంతే ఉంటుంది. తుప్పు ఆపి ప్రైమర్, పైన మ్యాట్ ఎనామిల్ వేస్తే చాలు. కొందరు తుప్పు రంగునే అందంగా ఉంచుకోవాలని కాచిన అవిసె నూనె పూస్తారు. అది బాగానే పట్టుకుంటుంది, కానీ దుమ్మును కూడా పట్టుకుంటుంది. పైగా ఆ నూనె గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేసి, ఆ తర్వాతే పారేయండి.

కాగితాల సంగతి ఒకటి. ఉన్న రంగునే మెరుగుపెడితే ఆర్‌సీతో పని లేదు. వేరే రంగులోకి మారిస్తే మాత్రం రవాణా శాఖ కార్యాలయంలో నమోదు చేయించాలి. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని, సొంత వాడకంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. మీది ఆ వయసు జీపు పికప్ అయితే కంపెనీ రంగు కాపాడుకోవడానికి ఇది మరో కారణం.

ఇక రోజువారీ సంగతులు. తీరప్రాంతంలో వారానికోసారి మంచినీళ్లతో కడగండి, ముఖ్యంగా మడ్‌గార్డుల కింద, తొట్టి అడుగున. పక్షి రెట్టను ఎండిపోనివ్వకండి, తడి గుడ్డ వేసి నానబెట్టి ఎత్తండి, గీకకండి. గాలాడని ప్లాస్టిక్ కవరు కప్పితే లోపలి చెమ్మ రంగును ఉబ్బిస్తుంది, కప్పితే నూలు కవరే కప్పండి. నీళ్ల బొట్లు గుండ్రంగా నిలవకుండా పరుచుకుంటున్నాయంటే వ్యాక్స్ అయిపోయినట్టు. దసరాకు వారం ముందు ఎలాగూ ఒక పొర వేయండి. ఆయుధ పూజ రోజు పసుపు, కుంకుమ బొట్లు రంగు మీద కాకుండా ముందు అద్దం మీదా, నంబరు ప్లేటు మీదా పెట్టించండి. వ్యాక్స్ లేని వెలిసిన రంగులోకి పసుపు దిగిపోతుంది. అలా దిగినా భయపడి కాంపౌండ్ పట్టకండి, పసుపు రంగు ఎండకు నిలవదు, కొన్ని రోజుల్లో అదే పోతుంది. కుంకుమ అలా కాదు, అందులో కలిపే రంగులను బట్టి మరక ఉండిపోవచ్చు కాబట్టి ఆ సాయంత్రమే తుడిచేయండి. నిమ్మకాయలు టైర్ల కింద నలిగినప్పుడు రసం మడ్‌గార్డు మీద చిమ్మితే, కొబ్బరి నీళ్లు బానెట్ మీద పడితే, హారతి అయిన వెంటనే ఒక చెంబు నీళ్లు పోయండి. పూలదండలు కట్టడానికి సెల్లోటేపు బదులు నూలు దారం వాడమని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.